ఏడో వరుస

తాళం పగలలేదు. బీరువాలో ఉండాల్సింది మాత్రం లేదు.

నిమియా అర చివరిదాకా చెయ్యి పెట్టి మళ్ళీ తడిమింది. శుక్రవారం సాయంత్రం కంట్రోల్ కార్డు పెట్టిన ప్లాస్టిక్ డబ్బా ఉంది, అందులో కార్డు లేదు. అది లేకపోతే నదిలో నీటిమట్టం కొలవడానికి తనూ జట్టులోని మిగతా ఇద్దరూ చేసిన పరికరం ఒట్టి గొట్టం, వరద వస్తే కూత పెట్టాల్సిన సైరన్ ఒట్టి డొప్ప. సోమవారం ఉదయం ఏడుంబావు అయింది. పది గంటలకి కమిటీ ముందు చివరి సంవత్సరం ప్రాజెక్టు ప్రదర్శన.

ఇవాళ తప్పితే మళ్ళీ ఫిబ్రవరే. అసున్సియోన్ రేవులో నది మట్టాలు చూసే ఆఫీసువాళ్ళు ఒక ఉద్యోగం నిమియా కోసం ఆపి ఉంచారు. ఈ నెలాఖరులోగా పట్టా చూపిస్తే ఆమెది, లేకపోతే ఇంకెవరిదో. ఏటిగట్టున ఉన్న వాళ్ళ ఇల్లు రెండుసార్లు మునిగింది. ఆ ఉద్యోగం తప్ప ఇంకోటి చెయ్యాలని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

"నా వంక అలా చూడకు జనరల్. తాళంచెవి నా ఒక్కడి దగ్గరే లేదు," అన్నాడు డెర్లిస్.

"నీ వంక కాక ఎవరి వంక చూడాలిరా?" అంది సునిల్దా. "శనాదివారాలు ఫోను ఆపేసుకుని కూర్చున్న పెద్దమనిషివి నువ్వే కదా?"

"మా టీము ఓడిపోయిందే తల్లీ! ఎవరితో మాట్లాడమంటావ్? మరి నీ సంగతో? సావొ పావులో కంపెనీవాళ్ళు పిలిచిన దగ్గర్నుంచీ మేమంటేనే నీకు గిట్టట్లేదు."

"ఇంకొక్క మాటన్నావంటే ఈ గొట్టం నీ నెత్తిన పగులుద్ది."

నిమియా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఎనిమిది నెలలు ఒకే కొమ్ము కప్పులో, ఒకే ఇనుప గొట్టంతో టెరెరే, అంటే చన్నీళ్ళలో నానిన యెర్బా ఆకు పానీయం, తాగిన మనుషులు. ఇవాళ ఇద్దరిలో ఎవరి మొహమూ నమ్మబుద్ధి కాలేదు. తన కళ్ళల్లో అనుమానం వాళ్ళకి కనబడుతోందని కూడా ఆమెకి తెలిసిపోయింది.

అప్పుడే గైడు ఇంజనీరు ఫ్లామినియో విల్యాసాంతి లోపలికొచ్చాడు. భుజాన సంచి, చంకలో తోలు తొడుగున్న చల్లనీళ్ళ ఫ్లాస్కు. డెర్లిస్ జరిగింది రెండు ముక్కల్లో చెప్పాడు.

"బుధవారం వెళ్ళినవాణ్ణి. ఎన్‌కార్నాసియోన్ నుంచి ఇప్పుడే బస్సు దిగి వస్తున్నా. వస్తూనే ఇదా నేను వినేది?" అంటూ బీరువా తలుపు వేసి తీశాడు. "తాళం పగలలేదంటే ఇంటి దొంగే. పది గంటల్లోపు ఆ పేరు నాకు చెప్పండి. చెప్పకపోతే ప్రదర్శన ఫిబ్రవరికి వాయిదా వెయ్యమని నేనే డీన్ గారిని అడుగుతా. దొంగని పక్కన పెట్టుకున్న జట్టుకి నేను సంతకం పెట్టను."

ఆయన వెళ్ళాక సునిల్దా గోడ మీది బోర్డు వైపు తిరిగింది.

"దొంగతనం అని నీ ముప్పుల పట్టికలో రాశావా జనరల్?" అడిగింది సునిల్దా.

"లేదు," అంది నిమియా. "తాళంచెవులు ఉన్నవి ఇంజనీరు గారితో కలిపి మన నలుగురి దగ్గరే కదా అనుకున్నా."

మార్చిలో ఆ పట్టిక మొదలుపెట్టినప్పుడు ఇద్దరూ నవ్వారు. ముగ్గురు మనుషుల పనికి గోడ నిండా బోర్డు, పనికో చీటీ, ఫలానా పని పాడైతే ఏం చెయ్యాలో వరుస నంబర్లతో కాగితం. జనరల్ అన్న పేరు అప్పుడే పెట్టారు. ఎవరి చీటీ వాళ్ళే 'అయింది' అన్న వైపుకి జరపాలి, టైము రాయాలి. సింకు కడగడానికి కూడా చీటీ ఉండేది. శుక్రవారం ఆఖరి చీటీ అదే. 'సింకు. డెర్లిస్. సాయంత్రం ఆరూ పది.'

నిమియా సింకు దగ్గరికి వెళ్ళింది. జాలీ మీద నలిగిన ఆకులు అతుక్కుని ఉన్నాయి. కింద చెత్తబుట్టలో కప్పులోంచి దులిపిన యెర్బా ముద్ద ఇంకా పచ్చిగా ఉంది.

"డెర్లిస్, శుక్రవారం నిజంగా కడిగావా, ఒట్టి చీటీ జరిపావా?"

"మా అమ్మ మీద ఒట్టు. బుట్ట కూడా ఖాళీ చేశా."

అంటే ఆ తర్వాత ఎవరో వచ్చారు. వచ్చి, చాలాసేపు ఉన్నారు. కిటికీ కింద సొరుగు చూస్తే ఎందుకున్నారో అర్థమైంది. దాని తాళాన్ని స్క్రూడ్రైవరుతో మెలితిప్పి, గీరి, చివరికి పెకలించారు. ఈ ఎండల్లో అంతసేపు గొంతు తడుపుకోకుండా ఎవరుండగలరు?

కానీ సొరుగులో ఏముందని? పాత వైరు ముక్కలు. నిమియాకి ఎక్కడో ఏదో గుచ్చుకుంది. ఏమిటో తెలియలేదు.

ఆకుల్ని రుమాల్లో చుట్టుకుని గేటు దగ్గరికి నడిచింది. అక్కడ టెరెరే నీళ్ళలోకి ఆకులు దంచి అమ్మే, అందరూ న్యా, అంటే అమ్మగారు, అని పిలిచే ఎయుస్తాకియా రోట్లో పుదీనా నూరుతోంది. కడుపునొప్పికొకటి, నిద్ర పట్టకపోతే ఒకటి, పొద్దున తల పట్టేస్తే ఒకటి. యూనివర్సిటీలో ఎవరికేం జబ్బో ఆవిడకి తెలిసినంతగా డాక్టరుకి కూడా తెలియదు.

"న్యా, ఇదేం ఆకు?"

ఆవిడ ఒక రెబ్బ తీసి వెనక్కి తిప్పి చూసింది. కాడ వెంట ఆవగింజల్లాంటి కాయలు. "నేల ఉసిరి. మూత్రపిండాల్లో రాళ్ళకి. నీకెందుకు పిల్లా? నీ వయసుకి వచ్చే రోగం కాదే ఇది!"

"ఎవరు కొంటారు?"

"ఎవరి రోగం వాళ్ళది. పేర్లు చెబితే నా దగ్గరికి మళ్ళీ ఎవడొస్తాడు?" రోకలి ఎత్తి ఆగింది. "ఒక్కరే. శనివారం మధ్యాహ్నం కూడా రెండు కట్టలు దంచించుకుపోయారు. ఇంక అడక్కు."

శనివారం. నిమియా మెట్లెక్కుతూ లెక్కేసుకుంది. డెర్లిస్ పుదీనా తప్ప ముట్టడు. సునిల్దా ఏ ఆకూ వెయ్యనివ్వదు, ఒట్టి మంచునీళ్ళే. తొమ్మిదిన్నరకి డీన్ డాక్టర్ రెకాల్దే గదిలో ప్రాజెక్టు కాగితాల కొత్త ప్రతి ఇచ్చి వస్తుంటే, వరండాలో ఇంజనీరు గారు బల్ల మీద కూర్చుని కనిపించారు.

"పేరు దొరికిందా అమ్మాయ్?" అంటూ కొమ్ము కప్పు నింపి చాచాడు. "ముందు ఇది తాగు. మొహం పీక్కుపోయింది."

కప్పు చాచితే కాదనే అలవాటు అక్కడ ఎవరికీ లేదు. నిమియా గొట్టం నోట్లో పెట్టుకుని ఒక్క గుక్క పీల్చింది. నాలుక చివర్నుంచి గొంతు దాకా చేదు. ఫ్లాస్కు మూతి అంచున చిన్న ఆకు అతుక్కుని ఉంది. కాడ వెంట ఆవగింజల్లాంటి కాయలు.

"గ్రాసియాస్," అంది, కప్పు తిరిగిస్తూ. అలా థాంక్స్ చెప్పాక ఇంకో కప్పు ఇవ్వరు.

ఆయన వెనక గోడ మీద రెండు వారాలుగా ఒక సదస్సు ప్రకటన వేలాడుతోంది. నవంబరు పన్నెండు, ఎన్‌కార్నాసియోన్. 'నది వరదలకు కొత్త హెచ్చరిక పరికరం.' కింద ఒక్కటే పేరు, విల్యాసాంతి. వ్యాసం లోపల ఎక్కడో తమ ముగ్గురి పేర్లూ ఉంటాయని నిమియా ఇన్నాళ్ళూ అనుకుంది. ఇవాళ ప్రదర్శన జరిగితే వాళ్ళ నివేదిక అక్టోబరు తేదీతో లైబ్రరీకెక్కుతుంది. ఫిబ్రవరిలో అయితే ఈయన తర్వాతే, పరికరం ఈయనదైపోతుంది.

అప్పుడు తెలిసింది, సొరుగు దగ్గర గుచ్చుకున్నదేమిటో.

పది గంటలకి హాల్లో డీన్ కళ్ళద్దాల పైనుంచి చూసింది. "దొంగతనం జరిగిందని మీ గైడు చెప్పారు. ఎవరో తెలిసిందా?"

"తెలిసింది మేడమ్. ముందు ఇంజనీరు గారు ముప్పుల పట్టికలో ఏడో వరుస చదవాలి. ఆయన సంతకం పెట్టిన ప్రతే."

విల్యాసాంతి ఫైలు తెరిచి చిరునవ్వు నవ్వాడు. "ఇందులో ఏముంది? 'కంట్రోల్ కార్డు పాడైతే, అదనపు కార్డు కిటికీ కింద సొరుగులో ఉంది. తాళంచెవి నిమియా దగ్గర.' ఇంత పకడ్బందీగా రాసుకుని కూడా కాపాడుకోలేకపోయారు."

"సొరుగులోనా?" డెర్లిస్ లేచి నిలబడ్డాడు. "అది గురువారమే..."

"కూర్చోరా," అంది నిమియా.

డీన్ తన ముందున్న కాగితం తిప్పింది. "నా ప్రతిలో అలా లేదే. 'అదనపు కార్డు వాడేశాం. ఇక లేదు' అనుంది."

"మీది నాలుగోది మేడమ్, ఆయనది మూడోది. గురువారం వాన పరీక్షలో మొదటి కార్డు కాలిపోయింది. సొరుగులోది తీసి వాడాం, ఆ రాత్రే పట్టిక మార్చాను. అప్పటినుంచి సొరుగు ఖాళీ అని మా ముగ్గురికీ తెలుసు. ఇంజనీరు గారు ఊళ్ళో లేరు, కొత్త ప్రతి ఆయనకి అందలేదు. దొంగ బీరువాలో కార్డు తాళంచెవితో తీశాడు, సొరుగు తాళంచెవి లేక అదనపు కార్డు కోసం గంటసేపు తాళంతో కుస్తీ పట్టాడు. ఖాళీ సొరుగు కోసం మాలో ఎవరు అంత కష్టపడతారు?"

సునిల్దా నెమ్మదిగా తల తిప్పింది. డెర్లిస్ కూడా. విల్యాసాంతి చెయ్యి చల్లనీళ్ళ ఫ్లాస్కు మీదికి వెళ్ళి, అక్కడే ఆగిపోయింది.

"ఆ గంటలో తాగిన ఆకు ఇది," నిమియా రుమాలు విప్పి బల్ల మీద పరిచింది. "అదే ఆకు ఆ ఫ్లాస్కు మూతికి ఇంకా అంటుకుని ఉంది. ఇవాళ పొద్దున్నే బస్సు దిగానన్న మనిషి ఫ్లాస్కు అది."

"పేరు చెప్పమ్మా," అంది డీన్. "రాసుకోవాలి."

నిమియా ఆయన కళ్ళలోకి చూసింది. ఎనిమిది నెలల్లో మొదటిసారి ముందు ఇంజనీరు అనీ, వెనక గారు అనీ లేకుండా చెప్పింది.

"ఫ్లామినియో విల్యాసాంతి."