ఒక్క లోడు

అందరి అన్నం డబ్బాలూ కట్టి ఆమె తన డబ్బా తీసుకునేసరికి గిన్నెలో అడుగంటిన అన్నమే మిగిలింది. "పైన కుర్చీలో కూర్చుని మీటలు తిప్పడమేగా, దానికి ఆకలేంటి!" అంది అత్తగారు. భర్త నవ్వాడు. ఆయన కొత్తగా లేస్తున్న పెద్ద భవనం దగ్గర సూపర్‌వైజరు. ఆమె అక్కడే టవర్ క్రేన్ నడుపుతుంది. ఇద్దరూ ఒకే బండి మీద వెళ్లి ఒకే వేళకు తిరిగొస్తారు. ఇంటికొచ్చాక ఆయన కాళ్లు చాపుకుంటాడు, ఆమె కొంగు బిగిస్తుంది.

మధ్యాహ్నం గాలి లేచింది. క్యాబిన్‌లో గాలిమీటరు గంటకు యాభై కిలోమీటర్ల దగ్గర ఊగుతోంది. ఆ క్రేన్‌తో నలభై దాటితే బరువెత్తకూడదు. వెడల్పాటి రేకు పలకలైతే మరీను, తెరచాపలా గాలిని పట్టేస్తాయి. ఆమె పని ఆపేసింది.

వాకీటాకీలో భర్త గొంతు. "ఇంకొక్క లోడు ఎత్తేసి దిగు."

"గాలి యాభై ఉందండీ. ఎత్తను."

"ఇంట్లో మొండితనం చాలదా, ఇక్కడ కూడానా?"

పనిచోటంతా విన్నది ఆ మాట. ఎవరో కిసుక్కుమన్నారు. ఇంట్లోనైతే ఇలాంటివి అంట్లు తోముతూ మింగేసేది. ఇక్కడ మింగలేదు. ఖాళీ కొక్కేన్ని పైకి లాగి క్రేన్ స్తంభం దగ్గరికి తెచ్చింది. గాలివాటుకు క్రేన్ చెయ్యి దానంతటదే తిరిగేలా బ్రేకు వదిలింది. బిగించి ఉంచితే పెనుగాలికి క్రేనే కూలుతుంది. క్రేన్ రోజువారీ పుస్తకంలో గాలి వేగం, టైము రాసి దిగింది.

"భయమైతే వంటింట్లోనే ఉండాల్సింది," అని భర్త ఆమె కళ్లముందే ఇంకో ఆపరేటర్ని పైకెక్కించాడు. వద్దు వద్దని అరిచింది. కింద లోడు తిరిగిపోకుండా తాడు పట్టే ఆవిడ దగ్గరికి పరుగెత్తింది. "అక్కా, పక్కకొచ్చెయ్!"

"రాకపోతే పని పోదు. వస్తే పోతుందమ్మా," అంది అక్క.

పలక నేల వదలగానే గాలి దాన్ని గిర్రున తిప్పింది. అక్క పలకకూ గోడకూ మధ్య నలిగిపోయింది. ఆస్పత్రికి చేరేలోగా ప్రాణం పోయింది.

ఆ సాయంత్రం భర్త మొట్టమొదటిసారి తన చేత్తో ఆమెకు మంచినీళ్లిచ్చాడు. "గాలి ఉన్నట్టుండి లేచిందని చెప్పు. నా బతుకు నీ చేతుల్లో ఉంది."

"ఇంటిగుట్టు బయటపెట్టకు తల్లీ," అంది అత్తగారు. పన్నెండేళ్లలో ఆవిడ నోట ఆ పిలుపు రాలేదు. ఆమె నీళ్లు ముట్టకుండా లేచి ఇంట్లోంచి వెళ్లిపోయింది.

మర్నాడు విచారణాధికారి కాగితం ముందుకు జరిపాడు. "లోడు ఎత్తమన్నదెవరు? పేరు రాయండి."

ఇంటిపేరుతో సహా రాసింది. కింద తన పూర్తి పేరుతో సంతకం పెట్టింది. అధికారి రెండు పేర్లూ చూసి తలెత్తాడు.

"ఒకటే ఇంటిపేరు. ఆయన మీకేమవుతారు?"

"నిన్నటిదాకా భర్తండీ."