సున్నా మీద పడ్డ చెయ్యి

సౌజన్య రోజూ పొద్దున తొమ్మిదింటికి పనిలో కూర్చుంటుంది. మనుషులు యంత్రాలను ఎలా వాడుతున్నారో, ఎక్కడ తడబడుతున్నారో పక్కనుండి చూసి రాయడం ఆమె ఉద్యోగం. హైదరాబాద్‌లో వైద్య పరికరాలు చేసే ఒక కంపెనీలో తొమ్మిదేళ్లుగా అదే చేస్తోంది. చూసింది చూసినట్టు రాస్తుందని ఆమెకు పేరు.

ఆమె పుట్టింది గద్వాలలో, మగ్గం ఇంట్లో. ఏ వస్తువు మీద ఆమె అరచెయ్యి ఆనించినా, అంతకుముందు దాన్ని వాడినవాళ్ల చేతులు మోచేతి వరకు అందరికీ కనబడి, అప్పుడు చేసిన పనే మళ్లీ చేస్తాయి. బిందె ఎవరిదన్న తగాదా వస్తే వీధివాళ్లు ఆమెనే పిలిచేవారు. తల్లి కళావతి మాత్రం, వంటగిన్నెలు ముట్టుకుంటే చేతులు అడ్డమొచ్చి కూర కనబడదని కసురుకునేది.

ఆ సోమవారం కంపెనీ ఆమెను వనపర్తికి పంపింది. అక్కడ ఒక ప్రైవేటు దవాఖానలో ఈరన్న అనే ముసలాయనకు నరంలోకి ఎక్కే మందు గంటకు ఐదు మిల్లీలీటర్లకు బదులు యాభై చొప్పున ఎక్కింది. చావు అంచుదాకా పోయి బతికాడు. మందు ఎక్కించే యంత్రంలో అంకె నొక్కింది నర్సు నిరోష. గోపాల్‌పేట పిల్ల. తల్లిదండ్రులు బొంబాయిలో మట్టిపని చేసి చదివించారు. తప్పు నర్సుదేనని సౌజన్య రాస్తే ఆ సాయంత్రమే ఆమె ఉద్యోగం పోతుంది, ఇంకే దవాఖానా రానివ్వదు.

"ఐదే నొక్కిన అక్కా. సున్నా ఎట్లొచ్చిందో తెల్వదు," అంది నిరోష.

దవాఖాన మేనేజరు రామచంద్రయ్య నవ్వాడు. యంత్రానికేమన్నా ఈరన్న మీద పగా అని అడిగాడు.

"ఈ పిల్లకు మాత్రం ఏం పగ సారూ? నన్ను సంపితే దానికొచ్చేది నాకున్న ఒక్క గొడ్డు బర్రె," అన్నాడు మంచం మీది ఈరన్న.

సౌజన్య యంత్రం మీద అరచెయ్యి ఆనించింది. ముందు నిరోష చేతులు వచ్చాయి. యంత్రం మంచానికీ గోడకూ మధ్య, నర్సుకు ఎడమవైపు ఉంది. ఎడమ చేతికి అందేంత దగ్గర. కానీ ఇక్కడ ఎడమ చేత్తో రోగికి మందు ఇవ్వరు, దానికి సంబంధించిన మీట కూడా నొక్కరు. కుడి చెయ్యి అడ్డంగా వంగి వచ్చి ఐదు నొక్కింది. వెనక్కి తీసేటప్పుడు అరచేతి అంచు కిందనున్న సున్నాకు తగిలింది.

తర్వాత మరో నర్సు చెయ్యి, మరొకరిది, మొత్తం పదకొండు మందివి. అన్నీ అలాగే అడ్డంగా వచ్చాయి, అన్నీ సున్నాకు తగిలాయి. మిగతావాళ్లు చూసుకుని చెరిపారు. ఆ క్షణంలో తనను పక్క మంచం దగ్గరికి పిలిచారంది నిరోష. అంతే తేడా.

"జర జరగుండ్రి, స్టాండు తుడువాలె," అని ఆయమ్మ కిష్టమ్మ ఆ చేతులను గుడ్డతో పక్కకు నెట్టింది.

వాటి వెనక ఇంకో జత మిగిలింది. ఎడమ బొటనవేలి మీద, మగ్గంలో దారం మోసే నాడె కోసిన పాత మచ్చ. సౌజన్య తన బొటనవేలు చూసుకుంది. అదే మచ్చ.

కంపెనీ పరీక్షకు వాడిన యంత్రాలను చిన్న దవాఖానలకు అమ్ముతుందని ఆమెకు తెలుసు. ఆరేళ్ల కింద దీన్ని పరీక్షించింది తనే. ఇప్పుడు అందరి ముందూ ఆనాటి ఆమె కుడి చెయ్యి అడ్డంగా వచ్చి ఐదు నొక్కింది, సున్నాకు తగిలింది. ఒక క్షణం ఆగి చెరిపేసింది. తర్వాత, మంచం మీద రోగి ఎవరూ లేరు కాబట్టి, ఎడమ చేత్తో హాయిగా ఐదు నొక్కింది. యంత్రం మీదే కాగితం ఆనించి, దోషం లేదని టిక్కు పెట్టింది.

ఆమె యంత్రం మీంచి అరచెయ్యి తీసింది. తొమ్మిదేళ్లు ఇతరుల తప్పులు రాసిన మనిషి, తన కళ్లతో చూసిన తన తప్పును రాయలేదు. తగిలింది ఒక్కసారే కదా అని ఆనాడు అనుకుంది. మరిచిపోయింది కూడా.

రామచంద్రయ్య నవ్వు ఆగిపోయింది. నిరోష అడిగింది, కోపం లేకుండా.

"గప్పుడే రాసుంటే ఈ తాతకు గిట్లయితుండెనా అక్కా?"

"కాకపోతుండె," అంది సౌజన్య.

అక్కడే స్టూలు మీద కూర్చుని నివేదిక రాసింది. నర్సు తప్పు లేదని, మీటల అమరిక ప్రమాదమని, అది తెలిసీ దాచిన మనిషి పేరు ఫలానా అని తన పేరు పూర్తిగా రాసి సంతకం పెట్టింది. నాలుగు రోజుల్లో ఆ రకం యంత్రాలన్నిటినీ వెనక్కి తెప్పించారు. నిరోష డ్యూటీకి వచ్చింది. సౌజన్యను ఇక రావద్దని కంపెనీ ఉత్తరం పంపింది. ఆమె దాన్ని రెండుసార్లు చదివి, అన్యాయమన్న మాట అనకుండా మడిచి పెట్టింది.