పళ్ళ మేస్త్రి గారి మంచితనం

పళ్ళ మేస్త్రికి మనుషుల నవ్వు మీద నమ్మకం పోయి చాలా ఏళ్ళయింది. పోకేం చేస్తుంది? పొద్దున లేచింది మొదలు ఆయన చేసే పనే నవ్వులు తయారు చేయడం. డాక్టరు దగ్గర్నుంచి నోటి అచ్చు వస్తుంది. అందులో ప్లాస్టర్ పోస్తాడు, మైనంలో పళ్ళు ఒక్కొక్కటే నిలబెడతాడు, చిగుళ్ళకు రంగు కుదురుస్తాడు. ముసలి డాక్టరు గారి క్లినిక్ వెనకగదిలో, కిటికీ పక్కన బల్ల ముందు, ముప్ఫై ఏళ్ళుగా ఇదే పని. ఊళ్ళో పెద్దమనుషుల నోళ్ళలో సగం ఆయన చేతి మీదుగా వెళ్ళినవే. అందుకని ఎవరైనా పళ్ళికిలిస్తే ఆయన వాళ్ళ కళ్ళలోకి చూడడు, కోరపళ్ళ వంక చూస్తాడు.

అలాంటి మనిషికి ‘చిరునవ్వు కుటుంబం’ ఎలా నచ్చుతుంది?

చిరునవ్వు కుటుంబమంటే పళ్ళ డాక్టర్లూ, మేస్త్రీలూ, సామాను అమ్మేవాళ్ళూ కలిసి ఫోనులో పెట్టుకున్న గ్రూపు. రెండు వేలమంది ఉన్నారు. ఏ క్లినిక్కులో ఏ పని ఖాళీ ఉందో తెలుస్తుందని మొదట్లో పెట్టారు. తర్వాత అది భజన మందిరమైపోయింది. ఒక డాక్టరు కొత్త కుర్చీ కొంటే మూడు వందలమంది చప్పట్ల బొమ్మ పెడతారు. ఆ కుర్చీలో తనే కూర్చుని ఫొటో పెడితే నాలుగు వందలమంది. ఇంకో ఆయన పక్కగదిలో ఉన్న భార్యకు రెండు వేలమంది ఎదుట పుట్టినరోజు శుభాకాంక్షలు చెబుతాడు. ఆ మహాతల్లి పక్కగదిలోంచే ‘థాంక్యూ డియర్’ అని రాస్తుంది. మధ్యలో గోడ ఒకటి ఉందనీ, దానికి తలుపు కూడా ఉందనీ ఇద్దరిలో ఒక్కరికీ గుర్తు రాదు. చప్పట్లు ఎవరు కొట్టారో, ఎవరు ముడుచుకు కూర్చున్నారో మాత్రం అందరికీ గుర్తుంటుంది. ముడుచుకు కూర్చున్నవాడికి మర్నాటినుంచి అచ్చులు రావడం తగ్గుతుంది.

ఇందులో ఆరితేరినవాడు పాలిష్. వాడూ మేస్త్రీయే. వాడు చేసిన పళ్ళు నమలడానికి పనికి రాకపోయినా తళతళ మెరుస్తాయి కాబట్టి ఆ పేరు వచ్చింది. రోజుకు నలుగురు డాక్టర్లను పొగడందే వాడికి టీ దిగదు. “వాడి పళ్ళతో అరటిపండు తిన్నా ఊడి చేతికొస్తాయి” అనేవాడు పళ్ళ మేస్త్రి, వినేవాళ్ళున్నా లేకపోయినా.

మూడేళ్ళ క్రితం ఎవరో ఆయన పేరు కూడా ఆ గ్రూపులో చేర్చారు. ఆయన చేతిలో ఉండేది మీటల ఫోను. అందుకని ఆయన పేరు పెట్టి, భార్య నంబరు ఇచ్చారు. ఆ సంగతి తెలిసి ఆయన ఇంతెత్తున లేచాడు.

“నా పేరు తీసేయమను. పని వచ్చినవాడికి ఈ కాకా పట్టుడెందుకు? నా పళ్ళే మాట్లాడతాయి.”

భార్య సరేనని తల ఊపింది. తీసేయించే ఉంటుందని ఆయన ఆ మాటే మర్చిపోయాడు. ఒకరు చెప్పినదానికి ఇంకొకరు తల ఊపడం, ఆ మాటే మర్చిపోవడం ఆ ఇంట్లో కొత్త కాదు. కాకపోతే మామూలుగా ఊపేదీ మరిచేదీ ఆయనే.

ఆవిడ కూడా ఈ పనిలో మనిషే. తయారైన పళ్ళను డబ్బాల్లో పెట్టుకుని చుట్టుపక్కల నాలుగు క్లినిక్కులకు చేరవేసేది ఆవిడే. ఏ డాక్టరుకు మోకాళ్ళ నొప్పులో, ఏ నర్సుకు ఇల్లు దొరకడం లేదో, ఎవరి కొడుక్కి పరీక్ష పోయిందో ఆవిడకు తెలుసు. ఇంటికొచ్చి చెప్పబోతే ఆయన రేడియో శబ్దం పెంచేవాడు. ఊరందరి గోల మనకెందుకు అనేది ఆయన సిద్ధాంతం. ఊరందరి నోళ్ళలో చెయ్యి పెట్టి బతికేవాడికి ఈ సిద్ధాంతం ఎలా కుదిరిందో ఆయనకే తెలియాలి.

అలా ఉండగా ముసలి డాక్టరు గారికి చేతులు వణకడం మొదలైంది. ఈ నెలాఖరుకు క్లినిక్ మూసేస్తున్నానని ఒక రోజు వెనకగది గుమ్మంలో నిలబడి చెప్పేశాడు. మేస్త్రికి యాభై నాలుగేళ్ళు. ఈ చేతులతో ఇంకో పని రాదు. మిగతా క్లినిక్కులవాళ్ళు అప్పుడప్పుడూ ఓ అచ్చు పంపుతారు తప్ప రోజూ కూర్చోబెట్టి పని ఇచ్చేవాళ్ళు కారు. ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క ఆశ, అవతలి పేటలో ఒక డాక్టరమ్మ కొత్తగా తెరిచిన పెద్ద ఆసుపత్రి. అక్కడి ల్యాబుకు పెద్ద మేస్త్రి కావాలట. మనుషుల్ని చిరునవ్వు కుటుంబంలోంచే ఎంచుకుంటుందట.

“అయితే పాలిష్‌గాడికే వస్తుంది,” అన్నాడు మేస్త్రి ఇంటికొచ్చి. “వాడు ఆవిడ చెప్పులకు కూడా చప్పట్లు కొట్టి ఉంటాడు. మనకు రాదు. రాకపోతే పోనీ. గడ్డి తిని బతుకుదాం గానీ గొర్రెల మందలో చేరం.”

“ఊఁ,” అంది భార్య.

నాలుగు రోజుల తర్వాత ఆవిడే చెప్పింది, రేపు పదింటికి డాక్టరమ్మ రమ్మందని. మేస్త్రి మొహం చాటంతయింది.

“చూశావా? నేను చెప్పలేదూ? పనిని ఎవరూ దాచలేరు. ఒక్కడికి కూడా సలాం కొట్టకుండా వచ్చింది ఈ పిలుపు.”

భార్య ఆయన తెల్లచొక్కాకు ఊడిన గుండీ కుడుతోంది. దారం పళ్ళతో తెంపి, చొక్కా విదిలించి, “కాస్త మర్యాదగా మాట్లాడండి” అని మాత్రం అంది.

డాక్టరమ్మ గది నిండా వెలుతురు. నలభై దాటిన మనిషి, సన్నగా, అలసటగా ఉంది. ముందుపళ్ళు సొంతవే, ఎడమవైపు కొంచెం అరిగాయి, పళ్ళు నూరుకునే అలవాటుంది. మేస్త్రి గుమ్మంలోనే ఇదంతా చూసేశాడు. ఆయన తెచ్చిన డబ్బా తెరిచి, పైవరుసనూ కిందివరుసనూ కలిపి, వెలుతురుకు ఎత్తి, ఎక్కడ తగులుతున్నాయో ఓపిగ్గా చూసిందావిడ.

“చాలా బాగుంది,” అంది. “కానీ మేస్త్రి గారూ, నిజం చెప్పనా? ఇంత బాగా చేసేవాళ్ళు ఇంకో ముగ్గురు వచ్చి వెళ్ళారు. మిమ్మల్ని పిలిచింది పళ్ళు చూసి కాదు. మీరు రాసేవి చదివి.”

“నేను రాసేవా?”

ఆవిడ ఫోను బల్ల మీద ఆయనవైపు తిప్పింది. ఆయన పేరు. పక్కన ఆయన ఫొటో, బల్ల మీదికి తల వంచి మైనం గీరుతున్నప్పుడు పక్కనుంచి తీసినది. అలా పక్కన నిలబడి ఫొటో తీయగలిగిన మనిషి లోకంలో ఒక్కతే ఉంది.

మూడేళ్ళ రాతలు. ఒక డాక్టరుకు మోకాళ్ళ నొప్పి ఎలా ఉందని అడిగాడు. ఒక నర్సు ఇల్లు వెతుక్కుంటుంటే, ఫలానా వీధిలో రెండు గదులు ఖాళీ అయ్యాయి, నా పేరు చెప్పండి అని రాశాడు. పరీక్ష పోయినవాడి తండ్రికి, తను కూడా రెండుసార్లు తప్పానని ధైర్యం చెప్పాడు. తప్పింది ఒక్కసారే, కానీ ఆ సంగతి ఆయన పెళ్ళాంతో తప్ప ఎవరితోనూ అనలేదు. ఈ మనిషెవరో ఊరందరి మంచిచెడ్డలూ నెత్తినేసుకుని తిరుగుతున్నాడు. పైగా ఇంకోటి కనిపించింది. పాలిష్ పెట్టిన పళ్ళ ఫొటో కింద, ‘ఈ మెరుపు నాకు ఎన్నేళ్ళయినా రాలేదు తమ్ముడూ’ అని ఉంది. అది చదివేసరికి మేస్త్రికి అరికాలి మంట నెత్తికెక్కింది. తమ్ముడట.

“ఇది నాకు రాసింది,” అంది డాక్టరమ్మ. ఫోను చేతిలోకి తీసుకుంది కానీ, ఆవిడ చూడకుండానే చెప్పుకుపోయింది. “మా అమ్మ పోయినప్పుడు. ‘డాక్టరమ్మా, మా అత్తగారు పోయినప్పుడు నా భార్య ఏడవలేదు. వచ్చినవాళ్ళందరికీ టీలు ఇస్తూ తిరిగింది. నేను పని మానేసి మూడు రోజులు ఆమె పక్కన కూర్చున్నాను. నాకు మాటలు రావు కాబట్టి ఏమీ మాట్లాడలేదు. మూడో రోజున ఆమె ఏడ్చింది. మీ పక్కన కూడా ఎవరైనా కూర్చుంటే బాగుండునని రాస్తున్నాను.’”

మేస్త్రి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. అత్తగారు పోయిన రోజు ఆయనకు బాగానే గుర్తుంది. శ్మశానంనుంచి నేరుగా ల్యాబుకు వెళ్ళాడు. మర్నాడు ఫొటో దిగాల్సిన ఒక పెద్దమనిషికి ముందుపళ్ళు నాలుగు అర్జంటుగా కావాలి. సాయంత్రం ఇంటికొచ్చి, జనం మధ్య భార్య ఇచ్చిన కప్పు అందుకుని, టీ చల్లారిందేం అని అడిగాడు. ఆవిడ వెళ్ళి మళ్ళీ వేడి చేసి తెచ్చింది. ఎప్పుడు ఏడ్చిందో, అసలు ఏడ్చిందో లేదో ఆయనకు తెలియదు.

“నాకు ఆ రోజు రెండు వేలమంది దండం బొమ్మ పెట్టారు,” అంది డాక్టరమ్మ. “ఇంటికి ఒక్కరూ రాలేదు. ఈ ఒక్కటి మాత్రం చాలాసార్లు చదువుకున్నాను. అటువంటి మనిషి నా ల్యాబులో ఉంటే చాలనిపించింది. మీరు చాలా తక్కువ మాట్లాడతారని కూడా అందరూ చెప్పారు. రాతలోనే మీకు మాట వస్తుందేమో.”

ఇప్పుడు నిజం చెప్పాలి. ముప్ఫై ఏళ్ళుగా ఎవడి మొహమూ చూడకుండా నిజం చెబుతానని రొమ్ము విరుచుకు తిరిగిన మనిషి. పాలిష్ మొహం మీద చెప్పాడు, ముసలి డాక్టరు మొహం మీద చెప్పాడు, పెళ్ళిచూపుల్లో మామగారి పళ్ళు పుచ్చాయని మామగారికే చెప్పాడు. నోరు తెరిచాడు. నెలాఖరుకు ఇంకా తొమ్మిది రోజులుంది.

“ఏదో అండీ,” అన్నాడు. “తోచింది రాస్తుంటాను.”

“సోమవారంనుంచి వచ్చేయండి. ఆ రెండో మేస్త్రిని కూడా తీసుకుంటున్నాను. మీరంత మెచ్చుకున్నారు కదా, ఆయన మెరుపు. మీ పక్క బల్లే.”

“సంతోషమండీ,” అన్నాడు మేస్త్రి, తన నోట్లో ఉన్నవి ఎవరి పళ్ళో తెలియనివాడిలా.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో పెళ్ళానికి పెట్టాల్సిన గడ్డి అంతా వరసగా పేర్చుకున్నాడు. నన్ను అడక్కుండా నా పేరు వాడతావా. ఆ పాలిష్‌గాడు నాకు తమ్ముడా. నా ఫొటో పెట్టి నలుగురిలో నన్ను భజనగాణ్ణి చేస్తావా. రెండు స్టాపులు వచ్చేదాకా ఈ కోపం బాగానే మండింది. తర్వాత ఎంత ఊదినా రాజుకోలేదు. ఎవరో తన చొక్కా వేసుకుని, తన పేరు చెప్పుకుని, తన ఇంట్లో మూడు రోజులు మర్యాదగా కూర్చుని వెళ్ళాడు. వాడి మీద ఒళ్ళు మండింది మేస్త్రికి. వాడు తనకన్నా అన్నివిధాలా పెద్దమనిషి. ఉద్యోగం వచ్చింది వాడికి.

ఇంట్లో భార్య మంచం మీద ఇస్త్రీ బట్టలు పేర్చుకుంటోంది.

“వచ్చిందా?” అంది.

“వచ్చింది.”

“మంచిది. చెప్పులు బయట విడవండి.”

ఆయన బయటికి వెళ్ళి చెప్పులు విడిచి వచ్చాడు. రేడియో జోలికి పోలేదు.

“మీ అమ్మ పోయినప్పుడు నేను మూడు రోజులు నీ పక్కన కూర్చోలేదు,” అన్నాడు.

“తెలుసు,” అందావిడ, దుప్పటి కొసలు కలుపుతూ. “నేను అక్కడే ఉన్నానుగా.”

“మరి అలా ఎందుకు రాశావు?”

ఆవిడ కొంచెం ఆలోచించింది. ఎత్తిపొడుద్దామని ఆలోచించలేదు, నిజంగానే జవాబు వెతుక్కుంది.

“పాపం, తల్లి పోయిన మనిషి. ఉన్నది ఉన్నట్టు రాస్తే ఆవిడకు ఓదార్పు ఏముంటుంది?”

మేస్త్రికి ఇప్పుడేం చెయ్యాలో తోచింది. ఆ డాక్టరమ్మ చదివినదాంట్లోనే ఉంది. మెల్లగా మంచం దగ్గరికి వెళ్ళి, ఏమీ మాట్లాడకుండా, భార్య పక్కన కూర్చున్నాడు.

“లేవండి,” అందావిడ. “ఇస్త్రీ చేసిన చొక్కా మీద కూర్చున్నారు.”