నాజిల్ మూసిన రోజు

"పైపులు ఆరబెడితే అరిగిపోతావా? మేం ప్రాణాలకి తెగించి మంటల్లోకి పోవట్లేదూ!" అనేవాడు మా ఆయన వైనో. మాది మంచుదేశంలో గనుల ఊరు. అక్కడ ఫైరింజన్ వాళ్ళంటే గనిలో పనిచేసే మగాళ్ళే, జీతం లేని పని. జీతం లేకపోయినా పేరుండేది, ఊరేగింపుల్లో ముందు నడిచేవాళ్ళు. మంటలార్పే ఆ గుడ్డపైపులు తోమి, నీళ్ళు ఒంపేసి, ఆరబెట్టి, చుట్టి పంపే పని నాది. ఒక్కోటి యాభై అడుగులు. మేడమెట్ల మీంచి వంటింటిదాకా వేలాడదీస్తే, ఉయ్యాల్లో పిల్ల ఏడ్చినా వాటికింద వంగి వెళ్ళేదాన్ని. మా అత్తగారు పొయ్యి దగ్గర్నించి కదలకుండా "ఆ చివర తడుంది చూడు" అని వేలు చూపించేది. వేలొక్కటే. చెయ్యి ఎన్నడూ వెయ్యలేదు.

జనవరిలో ఒక మిట్టమధ్యాహ్నం మా పక్కవీధి ఎల్లీ ఇల్లు అంటుకుంది. ఎల్లీ దుకాణంలో పనికెళ్ళింది. మంచాన పడ్డ వాళ్ళమ్మ హిల్జా మేడగదిలో ఒక్కతే ఉంది. సున్నాకి ముప్పై డిగ్రీలు కింద చలి. అలాంటి చలిలో పైపు కొసనుండే నాజిల్ ఎవరూ మూయరండీ. మంట మీద కొట్టకపోయినా మంచులోకైనా వదిలెయ్యాలి. నీళ్ళు ఆగాయంటే పైపులోనే గడ్డకట్టేస్తాయి. మా ఊళ్ళో చిన్నపిల్లలకీ తెలుసు. నేను రోడ్డుపక్కన కాఫీ పోస్తున్నాను, అదీ ఆడవాళ్ళ పనే. మిగతావాళ్ళు ఇంటి వెనక ఉన్నారు. ముందువైపు పైపు వైనోది. వచ్చాడు, నాజిల్ మూశాడు, కప్పు అందుకున్నాడు.

"మూయకండి" అన్నాను.

"నువ్వు కాఫీ పొయ్యవే. నాకు నేర్పకు."

రెండు కప్పులు తాగాడు. మా అత్తగారి గురకమీద జోకొకటి వేశాడు, నేను నవ్వలేదని మొహం మాడ్చుకున్నాడు కూడా. తిరిగెళ్ళి తిప్పితే చుక్క రాలేదు. పైపు దుంగలా బిగుసుకుపోయింది. ఇంకోటి తెచ్చి తగిలించేలోగా ఇంటి పైకప్పు కూలింది. హిల్జా అరుపు ఒక్కసారే వినపడింది.

ఫైరింజన్ వాళ్ళ నాయకుడు పరుగున వచ్చి "ఏమైందిరా?" అన్నాడు. వైనో నావైపు చూడకుండా "మా ఆవిడ సరిగ్గా ఆరబెట్టలేదు, లోపల తడి గడ్డకట్టింది" అన్నాడు. అప్పటిదాకా ధారగా నీళ్ళొచ్చిన పైపుకి పాత తడి ఎక్కడిదని ఒక్క మగాడూ అడగలేదు. "ఆడాళ్ళ కప్పజెబితే ఇంతే" అన్నారు. అప్పుడే వచ్చిన ఎల్లీ ఆ మాట విని నా మొహాన ఉమ్మింది. నేను తుడుచుకుని ఇంటికొచ్చేశాను.

గంట తర్వాత వైనో వచ్చాడు. పైపు నీళ్ళకి తడిసిన కోటు మంచు పట్టి పలకయిపోయింది, మోచేతులు వంగవు. ఇలాంటప్పుడు కోటు ముందుండే ఇనప కొక్కేల మీద గోరువెచ్చని నీళ్ళు పోసి విప్పాలి. కెటిల్ పట్టుకుని వాకిట్లోకొచ్చాను. ఆయన వెనకాలే ఎల్లీ వచ్చింది, మొహం నిండా మసి.

"మా అమ్మని చంపేశావు కదా సైమక్కా!"

నేను కెటిల్ ఎత్తలేదు, ఆయనకేసి తిరిగాను.

"చెప్పండి. నాజిల్ ఎవరు మూశారు?"

"పిచ్చా? ముందు కొక్కేలు తియ్యి."

"చెప్పండి."

గుమ్మంలోంచి అత్తగారు కేకేసింది. "మొగుణ్ణి చంపుకుంటావా ముండా!"

"మీరొచ్చి తియ్యండి అత్తయ్యా."

ఆవిడ బయటి చలి చూసింది, శాలువా దగ్గరికి లాక్కుంది, లోపలికెళ్ళిపోయింది.

వైనో పెదాలు నల్లబడ్డాయి. "నేనే" అన్నాడు. "రెండు నిమిషాలు. చలి చేతులు కొరికేస్తుంటే..."

ఎల్లీ నా చేతిలో కెటిల్ తీసుకుంది. ఆయనకేసి నడిచింది. ఆయన రొమ్ము ముందుకి పెట్టి నిలబడ్డాడు, పాపం, కొక్కేల మీద పోస్తుందనుకున్నాడు. ఆవిడ నీళ్ళన్నీ ఆయన కాళ్ళముందు మంచులో ఒంపేసింది.

"ఇంకో కెటిల్ తేవే సైమా" అన్నాడాయన. గొంతు పిల్లాడిలా ఉంది.

ఇంకో కెటిల్ ఉంది, పొయ్యి మీద కాగుతూనే ఉంది. ఎల్లీని లోపలికి తీసుకెళ్ళి, తలుపు గడియేసి, ఆ నీళ్ళతో ఆవిడ మొహం మీది మసి కడిగాను. మెల్లిగా, తొందరేం లేకుండా కడిగాను.