వేరే పైపు

ఎల్లారెడ్డిలోని ఒక బాలికల హాస్టల్లో మురుగునీటిని శుద్ధి చేసే చిన్న ప్లాంటును రాజమణి తొమ్మిదేళ్లుగా నడుపుతోంది. ఎంత శుద్ధి చేసినా ఆ నీళ్లలో అమ్మోనియా మిగిలిపోయేది. మూత తెరిస్తే కళ్లు మండేవి. నీళ్లు వెళ్లి కలిసే కుంటలో చేపలు చచ్చి తేలేవి.

కామారెడ్డి కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే హారిక, ఇందుకోసం కరెంటుతో పనిచేసే డబ్బా ఒకటి తయారుచేసి తెచ్చి బిగించింది. రెండు రేకుల మధ్య నీళ్లు పారుతుంటే అమ్మోనియా విడిపోయి, సన్నటి పొర దాటి, అవతలున్న యాసిడ్‌లో కలిసి ఎరువవుతుంది. డబ్బా బాగానే పనిచేసింది కానీ కరెంటు విపరీతంగా తాగింది. హారిక రేకులు మార్చింది, వాటి మధ్య దూరం తగ్గించింది. నెల గడిచినా లాభం లేకపోయింది.

గంటగంటకూ మీటరు చూసి రాసేది రాజమణే. ఆదివారం పిల్లలు తలస్నానాలు చేసి బట్టలుతుక్కునే వేళల్లో కరెంటు ఎక్కువ కాలి ఎరువు తక్కువ వస్తోందని ఆమె గమనించింది.

“మేడం, స్నానాల నీళ్లు కలిస్తె అంతా పల్చగైతున్నది. మూత్రం పైపు ఒక్కటే వేరుగ తెచ్చి డబ్బాకిస్తె ఎట్లుంటది?” అని అడిగింది.

మూత్రంలో ఉప్పులు ఎక్కువ, కరెంటు సులువుగా పారుతుంది. అది చదివిన సంగతే అయినా ఇక్కడ తనకు తోచలేదని హారిక రాజమణితోనే ఒప్పుకుంది.

ప్లంబర్ తిరుపతిని పిలిపించి, ఇద్దరూ దగ్గరుండి వేరే పైపు వేయించారు. మూత్రాన్ని కొన్నాళ్లు తొట్టిలో నిలవుంచితే అమ్మోనియా ఇంకా చిక్కబడుతుందని హారిక అదీ చేయించింది. నెల తిరిగేసరికి కిలో ఎరువుకు పట్టే కరెంటు మూడో వంతుకు దిగింది.

కామారెడ్డిలో ఇంజనీర్ల సమావేశానికి హారిక రాజమణిని వెంట తీసుకెళ్లింది. ఈ ఆలోచన ఎవరిదని ఒకాయన అడిగితే మైకు ఆమె చేతికిచ్చింది. రాజమణి ఆదివారాల సంగతి తన మాటల్లోనే పూసగుచ్చినట్టు చెప్పింది. అడిగినాయన లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు.

దసరా దాటాక నాగిరెడ్డిపేట హాస్టల్ నుంచి ఇద్దరు ఆపరేటర్లు పని నేర్చుకోవడానికి వచ్చారు. ఇదంతా ఎవరు కనిపెట్టిండ్రక్కా అని వాళ్లలో ప్రమీలమ్మ అడిగింది.

“డబ్బా హారిక మేడంది. పైపు ఉపాయం నాది,” అంది రాజమణి, తల ఎత్తి.