నూరో రోజు నీళ్లు

దేవకమ్మ చేతులకు స్పిరిట్ రాసుకుని ఇంక్యుబేటర్ తలుపు తీసింది. అడుగున ఉన్న పళ్లెంలో శుద్ధి చేసిన నీళ్లు ఒలకకుండా పోసింది. ఆ తడి లేకపోతే పై అరలోవి ఎండిపోతాయి. తిరుపతిలోని ఆ పరిశోధనశాలలో పద్దెనిమిదేళ్లుగా ఆమె పని ఇంతే, ఊడ్చడం, గాజుసామాను కడగడం, ఈ నీళ్లు పోయడం. గొప్పగా చెప్పుకునేదేమీ కాదు, ఆమె చెప్పుకున్నదీ లేదు.

పై అరలో ఊగే గిన్నెల్లో పెసరబద్దలంత తెల్లటి ముక్కలు. ఆమె తమ్ముడు గిరి నెత్తురు నుంచి మూలకణాలు తయారుచేసి, వాటితో పెంచిన మెదడు కణజాలం. నాయనను తీసుకుపోయిన జబ్బే గిరికీ వచ్చింది. కాళ్లూ చేతులూ వాటంతటవే ఎగిరేవి, మాట ముద్దయ్యేది. అది ఎక్కడ మొదలవుతుందో ఈ ముక్కల్లో వెతకాలంటే అవి నూరు రోజులు బతకాలి. ఈ రోజు నూరోది.

ఇవి ఎక్కడ పాడవుతాయోనన్న ఆమె భయం ఊరికే వచ్చింది కాదు. రెండేళ్ల కిందట ఆయుధపూజ నాడు యంత్రాలన్నిటికీ బొట్టు పెట్టి, ఈ ఇంక్యుబేటర్‌నొక్కదాన్నే చిన్నబుచ్చడం ఎందుకని తలుపు లోపలి అంచున కుంకుమ పెట్టి, బంతిపువ్వు గుచ్చింది. నాలుగో రోజుకు గిన్నెలన్నీ బూజు. గిరి మొదటి విడత మొత్తం పోయింది. ఉద్యోగం ఊడినట్టేననుకుంది. ఈ ప్రయోగం నడిపే డాక్టర్ హేమశ్రీ మాత్రం తిట్టకుండా, మళ్లీ గిరి నెత్తురు కావాలని అడిగింది. గిరి బంగారుపాళ్యం నుంచి బస్సులో, కడ్డీని రెండు చేతులా పట్టుకుని వచ్చాడు.

"ఏడస్తా ఉండావెందుకక్కా? నా ఒంట్లో నెత్తురికేమన్నా కరువొచ్చిందా? తీసుకోమను," అన్నాడు.

మొన్న వానాకాలంలో గిరి పోయాడు.

"ఎలా ఉన్నాయి దేవకమ్మా?" హేమశ్రీ లోపలికొచ్చింది.

"బాగుండాయమ్మా. బూజు లేదు."

"ఇప్పుడు మందులో వేస్తాను. వీటి ప్రాణం ఆగిపోతుంది, ఇక పెరగవు. అప్పుడే సన్నగా కోసి చూడగలం. చూడలేకపోతే బయట కూర్చోండి."

"ఈడనే ఉంటానమ్మా. వాడు పోయినప్పుడు నేను డ్యూటీలో ఉంటిని."

ఇవి గిరి కాదని ఆమెకు తెలుసు. హేమశ్రీ ఎన్నోసార్లు చెప్పింది. అయినా కొంగు భుజం మీదుగా నిండా కప్పుకుని నిలబడింది. హేమశ్రీ గిన్నెల ఊపు ఆపగానే ముక్కలు ఒక్కొక్కటే గిన్నె అడుగుకు దిగాయి. హేమశ్రీ మందు పోసింది.

"ఆ బూజొచ్చిన పొద్దే నన్ను పనిలోంచి తీసేసి ఉంటే ఇది సూసేదాన్ని కాదమ్మా. మీ మేలు మరిసిపోను," అంది దేవకమ్మ. ఆ మాటలో సగం, మళ్లీ నెత్తురిచ్చిన గిరికి.

హేమశ్రీ గిన్నెలు పట్టుకుని పక్క గదిలోకి వెళ్లింది. దేవకమ్మ ఇంక్యుబేటర్ తలుపు మూయబోయి ఆగింది. ఖాళీ అర కింద, ఇందాక పోసిన నీళ్లు పళ్లెం నిండా అలాగే ఉన్నాయి.