లవంగాల కషాయం, స్నానాల చెంబు

మా బావకు మందు కొట్టడమంటే పూనకం. ద్రాక్షతోటలో ఒక్క ఆకు మీద మచ్చ కనబడితే చాలు, స్ప్రే డబ్బా వీపుకెత్తుకుంటాడు. ఆ రసాయనాల భయంతో సొంత తోటలో గుత్తి తెంచి తినే యోగం పెళ్లయిన పదకొండేళ్లలో మా అక్కకు ఒక్కసారీ పట్టలేదు. ఈ ఏడాది ఎదురుతిరిగింది.

"బూజుకి నా లవంగాల కషాయం కొట్టండి. కొనేవాడు వద్దంటే మళ్లీ మీ మందే కొట్టుకోండి. నేనింక నోరెత్తను."

"నువ్వు నోరెత్తవా! అయితే సరే," అన్నాడు బావ, అప్పుడే గెలిచినట్టు.

అక్క లవంగాలు దంచి, మరిగించి, వడకట్టి ఇచ్చింది. "డబ్బా నీళ్లకి ఒక్క గరిటె. కోతకి వారం ముందు ఆపెయ్యాలి," అని రెండుసార్లు చెప్పింది కూడా. రసాయనమైతే బావ మూత కొలత తప్పడు. ఇది వంటింటి సరుకే కదా అని స్నానాల చెంబుతో పోశాడు. అక్క పందెం ఓడాలనే ఉంది మహానుభావుడికి, కానీ తోటకు బూజు పడితే చూస్తూ ఊరుకునే ప్రాణం కాదు. మంచుకి కడుక్కుపోయిందేమోనని రోజూ కొట్టాడు. వ్యాపారి వచ్చే రోజు పొద్దున కూడా, ఎందుకైనా మంచిదని మరోసారి తడిపాడు.

వ్యాపారి గుత్తులు తిప్పితిప్పి చూశాడు. ఎక్కడా బూజు లేదు. అక్క మొహం వెలిగింది. అతను నాలుగు పళ్లు నోట్లో వేసుకుని నమిలాడు. ఆగాడు. రెండు వేళ్లతో నాలుక పట్టుకుని చూసుకున్నాడు.

"ఉందా?" అన్నాను.

"ఉంది కానీ తెలియట్లేదు," అన్నాడు ముద్దముద్దగా. "రుచి తెలీకుండా ఎలా కొనేది?"

"ఎంత పోశారండీ?" అంది అక్క బావతో.

బావకు రోషం వచ్చింది. తను మందు కొట్టిన తోటకు వంక పెడతాడా! "పళ్లకేం, లక్షణంగా ఉన్నాయి," అంటూ గుప్పెడు పళ్లు నోట్లో కుక్కుకున్నాడు.

అక్క ఒక గుత్తిని మూడుసార్లు కడిగి తెచ్చింది. వ్యాపారి నాలుక తిరిగొచ్చేదాకా అందరం ఖాళీ పెట్టెల మీద కూర్చున్నాం. చివరికి ఒక పండు తిన్నాడు. ఇంకోటి తిన్నాడు.

"తేనే! వారం ఆగి కొయ్యండి, తోటంతా నాకే. అందాకా ఈయన్ని మాత్రం లోపలికి రానివ్వకండి."

మిగిలిన గుత్తిని అక్క తనే తినేసింది. పదకొండేళ్ల ఆకలి అది. నాకు ఏడుపొచ్చినంత పనయింది.

"వచ్చే ఏడాదీ నా కషాయమే," అంది మూతి తుడుచుకుంటూ. "కాదనేదుంటే ఇప్పుడే చెప్పండి."

బావ నోరు తెరిచాడు. గుప్పెడు పళ్లు తిన్న నాలుక ఇంకా లేవలేదు.